బండి చప్పుడు మన చెవినా పడాలి

"బండి సంగతి నీకెందుకు?" అనే మాట వినని ఆడది, బండి ఉన్న ఇంట్లో ఉండదు. అదే బండికి రిపేరు వచ్చిందనుకోండి, పోపుల డబ్బాలో దాచుకున్నదీ, చీటీ పాడుకున్నదీ, ఆఖరికి చెవులకున్నదీ అందరికీ గుర్తొస్తాయి. డబ్బివ్వడానికి పనికొచ్చిన మనిషి, ఆ డబ్బు దేనికి పోతోందో అడగడానికి ఎందుకు పనికిరాదు? ఈ రోజు నా గొడవ ఇదే.

మాది అరటి వ్యాపారం. తోటల్లో గెలలు ఎత్తుకుని రావులపాలెం మార్కెట్‌కి తోలే పాత డీజిల్ పికప్ ఒకటుంది. మా పిల్లల ఫీజులు, మా అత్తగారి మందులు అన్నీ దాని మీదే. కిందటేడు కార్తీక మాసంలో, గెలలకి మంచి గిరాకీ ఉన్న రోజుల్లో, లోడుతో కదిలేటప్పుడు బండి దడదడా వణకడం మొదలుపెట్టింది. గ్యారేజీకి తీసుకెళ్తే, బండి కిందకి వంగి చూడకుండానే "క్లచ్ పోయింది" అని తీర్పు. నా చీటీ డబ్బులో 12 వేలు అటు వెళ్లాయి. వారం తిరక్కుండా అదే వణుకు మళ్లీ వచ్చింది. దానికి తోడు, వేగం అందుకున్నాక జుయ్యిమంటూ కొత్త అదురు. ఈసారి "గేర్‌బాక్స్ విప్పాలి, 25 వేలు అవుతుంది" అన్నారు.

"అసలు ఎప్పుడెప్పుడు వణుకుతోందండీ?" అని మావారిని అడిగాను. పక్కనున్న నలుగురూ నవ్వారు. మావారు మాత్రం నవ్వలేదు, జవాబూ చెప్పలేదు. ఎందుకంటే ఆ ప్రశ్న ఆయన్ని అంతవరకూ ఎవరూ అడగలేదు.

నవ్వడానికేముందండీ ఇందులో? మిక్సీ గరగరమంటే మోటారు మార్చమని మనం పరుగెత్తుతామా? జారు తీసి వట్టిగా తిప్పి చూస్తాం. చప్పుడు లేకపోతే మోటారు బాగానే ఉంది, జారు అడుగునున్న కప్లర్ అరిగిందని తేల్చేస్తాం. గ్రైండర్ మోటారు తిరుగుతూ రాయి తిరక్కపోతే బెల్టు జారుతోందంటాం. దడదడ, టకటక, గరగర, కీచుకీచు, జుయ్యి... చప్పుడు చప్పుడుకీ ఒక మాట ఉన్న భాష మనది. వైద్యుడు కూడా జ్వరం అనగానే సూది వేయడు, ఎప్పుడొస్తోంది, చలితో వస్తోందా అని అడుగుతాడు. బండికి మాత్రం ఆ మర్యాద ఎందుకు లేదు?

బండి లోపల జరిగేది బ్రహ్మరహస్యం కాదు. ఇలాంటి పికప్‌లో ఇంజిన్ బలం క్లచ్ దాటి గేర్‌బాక్స్‌లోకి వస్తుంది. అక్కడి నుంచి బండి కింద పొడుగ్గా ఉండే ప్రొపెల్లర్ షాఫ్ట్ దాన్ని వెనక్కి మోసుకెళ్తుంది. వెనక హౌసింగ్‌లో క్రౌన్, పినియన్ ఉంటాయి, అవి చక్రాలను తిప్పుతాయి. మా బండిలో షాఫ్ట్ రెండు ముక్కలు. మధ్యలో రబ్బరు చుట్టిన సెంటర్ బేరింగ్ దాన్ని పట్టుకుని ఉంటుంది. షాఫ్ట్ వంగే చోటల్లా క్రాస్‌లు ఉంటాయి, మన మోచేతి కీళ్లలాగా. ఈ దారిలో ఎక్కడ వదులైనా చప్పుడే, వణుకే. అందుకే ముందు విప్పడం కాదు, అడగడం కావాలి.

మొదటి ప్రశ్న: బండి నిలబడి ఉన్నప్పుడు చప్పుడుందా? న్యూట్రల్‌లో ఇంజిన్ ఆడుతుండగా క్లచ్ తొక్కితే చప్పుడు మొదలైతే రిలీజ్ బేరింగ్‌ని అనుమానించాలి. తొక్కగానే ఆగిపోతే గేర్‌బాక్స్ బేరింగ్ మీదకి అనుమానం పోతుంది.

రెండు: కదిలేటప్పుడేనా, వేగంలోనా? క్లచ్ వదులుతుండగా వణికి, బండి సాగాక తగ్గిపోతే క్లచ్ ప్లేటు కావచ్చు, ఇంజిన్ కింద రబ్బరు మౌంటింగ్ కావచ్చు, సెంటర్ బేరింగ్ రబ్బరు చిరిగి ఉండొచ్చు. మూడూ ఒకేలా వణికిస్తాయి. అందుకే కిందకి చూడకుండా ఒకదాని పేరు చెప్పడం తీర్పు కాదు, లాటరీ.

మూడు: ఇంజిన్‌తో మారుతోందా, బండి వేగంతో మారుతోందా? 40 వేగంలో మూడో గేరులో ఒకసారి, నాలుగో గేరులో ఒకసారి తోలి చూడాలి. గేరు మారినా అదురు మారకపోతే, గేర్‌బాక్స్ తర్వాత ఉన్నవాటినే ముందు చూడాలి. షాఫ్టు, చక్రాలు, టైర్లు.

నాలుగు: ఎక్సలరేటర్ తొక్కితే, వదిలితే తేడా ఉందా? ముందుకీ వెనక్కీ మార్చినప్పుడు టక్కుమంటే క్రాస్ వదులై ఉండొచ్చు. నెమ్మదిగా పోతుంటే చక్రం లెక్కన కీచుకీచుమంటే క్రాస్‌లో గ్రీజు ఎండిపోయి ఉండొచ్చు. తొక్కితే ఊళపెట్టి, వదిలితే స్వరం మారితే క్రౌన్, పినియన్ చూడాలి, దానికంటే ముందు అందులో ఆయిల్ ఉందో లేదో చూడాలి.

అయిదు: మలుపులో మారుతోందా? హూ అనే మోత కుడివైపు తిప్పినప్పుడు పెరిగితే బరువు ఎడమ చక్రాల మీద పడుతున్నట్టు, ఆ వైపు హబ్ బేరింగ్ చూడాలి. అడ్డదిడ్డంగా అరిగిన టైరు కూడా అలాగే మోగుతుంది, ముందువి వెనక్కి మార్చి చూస్తే తెలుస్తుంది.

ఈ అయిదింటికీ రూపాయి ఖర్చు లేదు. మావారు రెండు రోజులు గమనించి చెప్పారు: నిలబడితే ఏమీ లేదు, లోడుతో కదిలేటప్పుడు దడ, గేరు మార్చితే టక్కు, 50 దాటితే అదురు, ఆ అదురుకి గేరుతో సంబంధం లేదు. ఆ కాగితం పట్టుకుని వేరే ఊళ్లో ఒక పెద్ద మెకానిక్ దగ్గరికి వెళ్లాం. ఆయన ఇంజిన్ ఆపించి, చక్రాలకు రాళ్లు పెట్టించి, బండి కింద దూరి షాఫ్ట్‌ని చేత్తో అటూ ఇటూ తిప్పాడు. సెంటర్ బేరింగ్ రబ్బరు చిరిగింది. వెనక క్రాస్ మూత దగ్గర తుప్పు పొడి రాలుతోంది. ఇక కొత్త అదురు ఎక్కడిదంటే, క్లచ్ కోసం షాఫ్ట్ విప్పినవాళ్లు గుర్తు పెట్టుకోకుండా బిగించారు. రెండు చివర్ల క్రాస్‌లు ఒక వరసలో లేవు. "విప్పేముందు సుద్దముక్కతో ఒక గీత గీస్తే పోయేదమ్మా" అన్నాడాయన. ఆ సాయంత్రానికి బండి మెత్తగా కదిలింది. ఖర్చు, క్లచ్ బిల్లు పక్కన పెడితే చాలా చిన్నది.

డబ్బు సంగతి అలా ఉంచండి. ఆ క్రాస్ లోడు మీద విరిగితే షాఫ్ట్ ఊడి రోడ్డు మీద పడుతుంది. ముందు చివర ఊడితే నేలకి గుచ్చుకుంటుంది కూడా. జొన్నాడ దగ్గర గౌతమి వంతెన మీద, వెనకాల లారీలు తరుముతుండగా అలా జరిగితే? "నీకెందుకు" అన్న మాటకి నా జవాబు ఆ బండి లోపల కూర్చున్న మనిషి.

మెకానిక్‌లందరూ దొంగలని నేననను. అసలు జబ్బు మన బేరంలో ఉంది. సామాను మారిస్తే డబ్బిస్తారు, గంటసేపు కింద దూరి చూసి "ఇది బాగానే ఉంది" అంటే "ఏం చేశావని డబ్బు?" అంటారు. చూసినందుకు కూలి ఇవ్వని ఊళ్లో మార్చి బతకడమే నేర్చుకుంటారు ఎవరైనా. చూపుకి విడిగా డబ్బివ్వండి. మార్చిన పాత సామాను చేతికిచ్చి, ఎక్కడ అరిగిందో చూపించమనండి. ఈ రెండూ అడిగితే నిజాయితీగా పనిచేసేవాడికే మేలు.

"ఇంటి చాకిరీ చాలదా, బండి చాకిరీ కూడా మన నెత్తినేనా?" అని మీలో కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. నేను స్పానరు పట్టమనడం లేదు, బండి కింద దూరమని అసలే అనడం లేదు. జాకీ మీద నిలబెట్టిన బండి కిందకి ఎవరినీ పోనివ్వకండి కూడా. చాకిరీ మనకెప్పుడో వచ్చింది, రానిది అధికారం. ఇంట్లో అప్పు తీర్చేటప్పుడు భాగం ఉన్నప్పుడు, ఆ అప్పు ఎందుకు చేయాలో తేల్చేటప్పుడూ భాగం ఉండాలి.

మగవాళ్లకి బండి పుట్టుకతో తెలుస్తుందన్నది ఉత్త భ్రమ. వాళ్లకి తెలిసిందీ విని, చూసి, పదిమందిని అడిగి నేర్చుకున్నదే. తెలియదని ఒప్పుకోవడం నామోషీ అనుకుని ఎంతమంది మెకానిక్ చెప్పినదానికల్లా తలూపి వస్తారో మీకు తెలుసు, నాకు తెలుసు. మనకి ఆ నామోషీ లేదు. "తెలియక అడుగుతున్నాను, చెప్పు నాయనా" అనగలం.

అది ఆటో కావచ్చు, ట్రాక్టరు కావచ్చు, పాలవ్యాను కావచ్చు. ఈసారి మీ ఇంటి బండి మూలిగిందని డబ్బడిగితే, బీరువా తాళం తీసే ముందు ఒక్క మాట అడగండి: "ఎప్పుడు మూలుగుతోంది?" జవాబు వచ్చాకే తాళం తీయండి.