కాపీరైటు గడువు, యంత్రానికి అందే తెలుగు

ఉపోద్ఘాతం

రచయితల అనుమతి లేకుండా వారి రచనలతో కృత్రిమ మేధకు శిక్షణ ఇస్తున్నారన్న ఫిర్యాదు న్యాయస్థానాలకెక్కింది. ఓపెన్‌ఏఐ సంస్థపై 2023 డిసెంబరులో న్యూయార్క్ టైమ్స్ పత్రిక అమెరికాలోనూ, 2024 నవంబరులో ఏఎన్ఐ వార్తాసంస్థ ఢిల్లీ హైకోర్టులోనూ వేసిన దావాలు ఇందుకు నిదర్శనాలు. ఈ విషయమై తెలుగులో రెండు వాదాలకు తావుంది. రచనలన్నిటికీ తాళం వేయాలన్నది మొదటిది. భాష నిలవాలంటే ఉన్నదంతా సంస్థలకు అప్పగించాలన్నది రెండవది. యంత్రానికి ఏ తెలుగు అందుతోంది, ఏది అందడం లేదు అన్న ప్రశ్నను రెండు వాదాలూ దాటవేస్తున్నాయి. కాపీరైటు గడువు, సంస్థల ఆర్థికబలం కలిసి యంత్రపు తెలుగులో పక్షపాతాన్ని పెంచుతున్నాయని, దాన్ని సరిదిద్దే బాధ్యతలో మొదటి వాటా తెలుగు శాఖలదేనని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

గడువు చేసే వడపోత

1957 నాటి కాపీరైటు చట్టం రచయిత మరణానంతరం 50 ఏళ్లపాటు హక్కును నిలిపింది. 1941లో మరణించిన రవీంద్రనాథ ఠాగూరు రచనలపై విశ్వభారతి హక్కు ముగియనున్న సమయంలో ఆ గడువు 60 ఏళ్లకు పెరిగింది. 1992 నాటి ఆ సవరణ దేశంలోని అన్ని భాషల రచనలనూ మరో పదేళ్లు బంధించింది.

తెలుగులో దీని ఫలితం స్పష్టం. ప్రాచీన కావ్యాలు, ప్రబంధాలు, వీరేశలింగం, గురజాడల రచనలు ఎవరైనా వాడుకోవచ్చు. 1971లో మరణించిన జాషువ రచనలపై హక్కు 2031 చివరివరకు, శ్రీశ్రీ రచనలపై 2043 చివరివరకు కొనసాగుతుంది. తెలంగాణ పలుకుబడిని నవలలో నిలిపిన దాశరథి రంగాచార్య రచనలు 2075 చివరివరకు స్వేచ్ఛగా అందవు. ‘నీలిమేఘాలు’ (1993), ‘చిక్కనవుతున్న పాట’ (1995) వంటి సంకలనాల్లో ఒక్కొక్క కవితకు ఒక్కొక్క హక్కుదారు ఉంటారు. స్వేచ్ఛగా అందే సాహిత్యంలో భండారు అచ్చమాంబ వంటివారు లేకపోలేదు; కాని అక్కడ స్త్రీల, దళితుల, ముస్లింల, ప్రాంతీయ మాండలికాల స్వరం పలుచన. ఆ స్వరాలు బలంగా వినిపించిన దశాబ్దాల సాహిత్యం గడువు లోపలే ఉంది.

సంస్థలు ఎలాగూ గడువును పాటించవు కదా అన్న ఆక్షేపణ రావచ్చు. అయితే సంస్థలు వెబ్‌లో దొరికినదాన్నే ఎక్కువగా తీసుకుంటాయి. అక్కడ కనిపించేది ప్రధానంగా వార్తాపత్రికల ప్రామాణిక భాష, సినిమా కబుర్లు, ఇంగ్లీషు నుంచి యాంత్రికంగా దిగిన అనువాదం. పునర్ముద్రణకు నోచుకోని కథా సంపుటి అక్కడ ఉండదు. పైగా గడువు అందరినీ సమానంగా ఆపదు. చట్టానికి లోబడి పనిచేసే విశ్వవిద్యాలయానికి దారి మూసుకుపోతుంది. వ్యాజ్యం ఖర్చును వ్యాపార వ్యయంగా భరించగల సంస్థకు ఆ దారి తెరిచే ఉంటుంది. తాళం వేయాలనేవారు ఎవరిని అడ్డుకుంటున్నారో గమనించాలి.

లిపి చెల్లించే మూల్యం

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో తెలుగు మాతృభాషగా గలవారు సుమారు 8.11 కోట్లు. అయినా యంత్రం దృష్టిలో తెలుగు ఖరీదైన భాష. యూనికోడ్‌ను నిల్వచేసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు. కంటికి ఒకే అక్షరంగా కనిపించే ‘స్త్రీ’కి ఆరు సంకేతాలు, 18 బైట్లు కావాలి. యంత్రం పాఠాన్ని ముక్కలుగా విడగొట్టుకుంటుంది. శిక్షణ పాఠంలో తెలుగు తక్కువగా ఉన్నచోట ఆ ముక్కల సంఖ్య పెరుగుతుంది. సేవల ధరను ముక్కల లెక్కన నిర్ణయించినప్పుడు ఆ భారం తెలుగు వాడేవారిపై పడుతుంది. ఇది ఎవరో ద్వేషంతో చేసిన పని కానక్కరలేదు. ఎవరి భాషను కొలమానంగా పెట్టుకున్నారన్నదే ఇక్కడి ప్రశ్న.

శాఖల బాధ్యత

ఢిల్లీ విశ్వవిద్యాలయంలో పాఠ్యభాగాల నకళ్లపై ప్రచురణకర్తలు 2012లో దావా వేశారు. కాపీరైటు దైవదత్తమైన హక్కు కాదని 2016 సెప్టెంబరులో ఏకసభ్య ధర్మాసనం స్పష్టం చేసింది. ఆ డిసెంబరులో ద్విసభ్య ధర్మాసనం కొన్ని అంశాలను తిరిగి విచారణకు పంపినా, బోధనకు చట్టం ఇచ్చిన మినహాయింపును సమర్థించింది. 2017లో ప్రచురణకర్తలు దావాను ఉపసంహరించుకున్నారు. ఈ మినహాయింపు బోధనకు సంబంధించినది. వ్యాపార సంస్థల శిక్షణకు దీన్ని వర్తింపజేయలేము. కాని చట్టం ఇచ్చిన అవకాశాన్ని విశ్వవిద్యాలయాలు ధైర్యంగా వాడుకోవచ్చునని ఇది నిరూపించింది.

తెలుగు శాఖలు ఆ అవకాశాన్ని వాడుకోవడంలో వెనుకబడ్డాయి. ప్రజాధనంతో తయారైన సిద్ధాంతవ్యాసాలు అనేకం స్కాన్ చేసిన బొమ్మలుగానో, యూనికోడేతర డీటీపీ ఫాంట్లలోనో పడి ఉన్నాయి. వాటిలో వెతకడం పరిశోధకుడికే అసాధ్యం. అంతకన్నా ఇబ్బందికరమైన ప్రశ్న మరొకటుంది. జానపద సాహిత్య పరిశోధనలో సేకరించిన పాటలన్నిటికీ పాడినవారి పేరు, ఊరు, అనుమతి నమోదయ్యాయా? నమోదు కానిచోట, పేరు చెప్పకుండా తీసుకున్నారని సంస్థలను నిందించే నైతిక స్థైర్యం శాఖలకు ఉండదు.

ముగింపు

చేయవలసినది చట్టసవరణ కోసం వేచి ఉండనక్కరలేదు. ప్రస్తుత చట్టంలోనే రచయిత తన హక్కును వదులుకోవచ్చు. షరతులతో ఇతరులకు లైసెన్సు ఇవ్వవచ్చు. ప్రతి శాఖ తన ప్రచురణలను, రచయిత సమ్మతి గల సిద్ధాంతవ్యాసాలను యూనికోడ్‌లో బహిరంగపరచాలి. దళిత, స్త్రీవాద, మైనారిటీ, ప్రాంతీయ రచయితలను, వారి వారసులను కలిసి, పేరు చెప్పడం, ప్రతిఫలం, వ్యాపార వినియోగం అనే మూడు అంశాలపై రాతపూర్వకంగా షరతులు కుదుర్చుకోవాలి. ఇవ్వడానికి ఇష్టపడని రచయిత నిర్ణయాన్ని గౌరవించాలి. జానపద సేకరణలకు గాయకుల పేర్లు తిరిగి చేర్చాలి. ఈ పని ఆలస్యమైన కొద్దీ, రాబోయే తరం విద్యార్థి యంత్రాన్ని అడిగి తెలుసుకునే తెలుగులో జాషువకూ, పాలమూరు పలుకుబడికీ చోటు తగ్గుతుంది. ఆ లోటుకు సంస్థలు ఎంత కారణమో, చేతిలో ఉన్న పాఠాన్ని బయటపెట్టని శాఖలూ అంతే కారణమవుతాయి.