పది డాలర్ల మేడ

రెండు దేశాలకు స్నేహమంటే ఒకరి రాజధానిలో మరొకరి జెండా ఎగరడమని కదా మనం అనుకుంటాం! జెండా దించేసి కూడా స్నేహం నిలుపుకోవచ్చునట. ఆ విద్య తెలియాలంటే తైవాన్ కథ వినాలి.

1949లో చైనాలో కమ్యూనిస్టులు గెలిచారు. ఓడిన చియాంగ్ కై షేక్ తన ప్రభుత్వాన్ని తైవాన్ దీవికి తరలించాడు. అది మొదలు బీజింగువారూ, తైపేవారూ కూడా ‘అసలు చైనా మేమే’ అన్నారు. ఒకరిని గుర్తిస్తే రెండవవారికి సెలవు చెప్పవలసిందే. మన దేశం ఆ యేడు డిసెంబరు 30వ తేదీనే బీజింగును గుర్తించింది. అమెరికా దాదాపు ముప్ఫయి యేళ్లు ఆలోచించింది.

తీరా ఆ కబురు చెప్పిన తీరు మాత్రం నాకు నచ్చలేదు. 1978 డిసెంబరు 16న, అర్ధరాత్రి దాటాక అమెరికా రాయబారి వెళ్లి, తైవాన్ అధ్యక్షుడు చియాంగ్ చింగ్ కువోను లేపి, జనవరి 1 నుంచి మీతో రాయబార సంబంధాలుండవని చెప్పాడు. కొద్ది గంటల్లోనే కార్టర్ లోకానికంతా ప్రకటించాడు. పెళ్లి తప్పిపోయిన సంగతి చెప్పడానికైనా వియ్యాలవారు తెల్లవారేదాకా ఆగుతారు! ఆ తరువాత మాట్లాడుకుందామని తైపే వచ్చిన అమెరికా ప్రతినిధుల కార్లమీద జనం కోడిగుడ్లూ, బురదా విసిరారు.

వాషింగ్టన్‌లో తైవాన్ రాయబారులు ఒకప్పుడు నివసించిన ట్విన్ ఓక్స్ అనే మేడ ఉంది. చుట్టూ పద్ధెనిమిది ఎకరాల తోట. గుర్తింపు మారితే అది బీజింగు పాలవుతుందని భయపడి, ఆ డిసెంబరులోనే ఒక మిత్రసంఘానికి అమ్మేశారు. ఎంతకంటారు? పది డాలర్లకు! 1982లో తిరిగి కొనుక్కున్నారు. దావా పడకముందే పొలం బావమరిది పేర రాయించే మన పెద్దమనుషులకు ఈ కిటుకు కొత్తగాదు.

1979 ఏప్రిల్‌లో అమెరికా ఒక చట్టం చేసింది. తైపేలో రాయబార కార్యాలయానికి బదులు ‘అమెరికన్ ఇన్‌స్టిట్యూట్’ అనే ప్రైవేటు సంస్థ వెలిసింది. మొదట్లో అందులో పనిచేసేందుకు దొరతనంవారి ఉద్యోగి కొలువు వదిలి వెళ్లి, పని ముగిశాక పాత హక్కులతో తిరిగి చేరేవాడు. వర్తకం ఆగలేదు. ఆయుధాల అమ్మకమూ పూర్తిగా ఆగలేదు. 1954నాటి రక్షణ ఒడంబడిక మాత్రం 1980 జనవరితో ముగిసింది.

‘‘అంతా ఉంచుకుని పేరొక్కటే తీసేశారన్నమాట!’’ అన్నది మా ఆవిడ. పేరు పోవడం ఎంత కష్టమో పుట్టింటి పేరు వదులుకున్నవారికే తెలియాలి కాబోలు.

మనవాళ్లు 1995లో తైపేలో తెరిచిన కార్యాలయం పేరు ‘ఇండియా తైపే అసోసియేషన్’. ఊరి పేరే తప్ప దేశం పేరు లేదు. అయితేనేం, హైదరాబాదు దగ్గర కొంగరకలాన్‌లో తైవాన్ కంపెనీ ఫాక్స్‌కాన్ కర్మాగారానికి 2023లో శంకుస్థాపన జరిగింది.

ఇక ఆ ట్విన్ ఓక్స్ మేడ. 1978 ఆఖరున అక్కడ దించిన జెండాను 2015 జనవరి 1న, ముప్ఫయ్యారేళ్ల తరువాత, తైవాన్‌వారు మళ్లీ ఎగురవేశారు. తోట తమదే, మేడ తమదే. అయినా అమెరికా ప్రభుత్వం నొచ్చుకున్నది.