ఏ భాషలో పిలిస్తే పలుకుతుంది?

తాండూరు నుంచి పడమరకు బస్సెక్కితే ఎంతోసేపు పట్టదు, దుకాణాల బోర్డుల మీద లిపి మారిపోతుంది. కర్ణాటకలోని చించోలి, సేడం వైపు నుంచి ఈ ఊళ్లకు కోడళ్లు వస్తారు. ఈ ఊళ్ల ఆడపిల్లలు అటు వెళ్తారు. అట్లా వచ్చిన కోడలికి పెళ్లినాటికి కన్నడం తప్ప మరో మాట రాదు. అత్తతో మాట పడి, మాట కలిపి తెలుగు నేర్చుకుంటుంది. అంగట్లో బేరమాడి ఉర్దూ పట్టుకుంటుంది. యాభై అరవై ఏళ్లు మూడు భాషలతో సంసారం ఈదుతుంది. బడి మెట్టు ఎక్కిన మనిషి కాదు. ఇన్ని భాషలు వచ్చునని ఆమెను మెచ్చుకున్నవారు లేరు. తనకు ఎన్ని వచ్చో ఆమె కూడా ఎన్నడూ లెక్కపెట్టుకోలేదు.

ఎనభై దగ్గర పడేసరికి మరుపు మొదలవుతుంది. ముందు పొయ్యి మీది పాలు, తర్వాత పొద్దున తిన్న బువ్వ, ఆ తర్వాత మనుషుల పేర్లు. మనుమణ్ణి కొడుకు పేరుతో పిలుస్తుంది. కొన్నాళ్లకు తెలుగు మాటలు తగ్గిపోతాయి. పొద్దు గూకే వేళకు తలుపు దగ్గర నిలబడి పుట్టింటికి పోతానంటుంది, కన్నడంలో. ఇంట్లో ఆ మాట తెలిసినవారు లేరు. కొడుక్కి చిన్నప్పటి నాలుగు ముక్కలు గుర్తున్నాయి, కోడలికి అవీ రావు, మనుమలది ఇంగ్లీషు మీడియం. "ఏదో గొణుగుతుంది" అని ఊరుకుంటారు. ఏ ఒక్క ఇంటి కథో చెప్పడం లేదు. సరిహద్దు ఊళ్లలో పెద్దవాళ్లున్న ఇళ్లకు ఈ దృశ్యం కొత్తది కాదు.

ఇలాంటి మనుషుల నుంచే లోకం ఒక సంగతి నేర్చుకుంది. 2013 నవంబరులో 'న్యూరాలజీ' అనే వైద్య పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. అప్పుడు హైదరాబాద్ నిమ్స్‌లో పనిచేస్తున్న నరాల వైద్యురాలు డాక్టర్ సువర్ణ అల్లాడి, ఉస్మానియా విశ్వవిద్యాలయ భాషాశాస్త్ర ఆచార్యురాలు దుగ్గిరాల వసంత, ఎడిన్‌బరో నుంచి థామస్ బాక్, మరికొందరు కలిసి చేసిన పని అది. నిమ్స్‌కు వచ్చిన 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు వారు పరిశీలించారు. అందులో 391 మంది రెండు లేక అంతకు మించి భాషలు మాట్లాడేవారు. ఒకే భాష తెలిసినవారికి జబ్బు సగటున 61 ఏళ్లకు మొదలైతే, వీరికి 65 దాటాక మొదలైంది. తేడా నాలుగున్నరేళ్లు. అక్షరం రానివారిని వేరుగా చూస్తే ఆ తేడా ఆరేళ్లకు పెరిగింది.

కెనడాలోని టొరంటో పరిశోధకులు 2007లోనే ఈ మాట అన్నారు. అయితే అక్కడ రెండు భాషలవారిలో చాలామంది వలస వచ్చినవారు. దేశం దాటగలిగిన మనిషిలో ముందునుంచే ఏదో గట్టిదనం ఉందేమో, ఆ మేలు భాషది కాదేమో అన్న సందేహం మిగిలిపోయింది. మన దగ్గర ఆ చిక్కు లేదు. తెలుగు, ఉర్దూ, హిందీ కలిపి మాట్లాడటానికి ఇక్కడ ఎవరూ సముద్రం దాటి రానక్కర్లేదు, కూరగాయల బండి దాకా వెళ్తే చాలు. చదువు వల్ల వచ్చిన లాభమేమోనన్న రెండో సందేహానికి నిరక్షరాస్యులే జవాబు చెప్పారు. నిశానీ వేసే చేతులు ప్రపంచ వైద్యశాస్త్రానికి సాక్ష్యం ఇచ్చాయన్నమాట. ఈ సంగతి తలచుకున్నప్పుడల్లా మనసు నిండుతుంది.

రెండు భాషలు వస్తే డిమెన్షియా రాదని కాదు. ఆలస్యంగా వస్తుంది, అదీ సగటు లెక్కలో. రెండుకు మించి ఎన్ని భాషలు వచ్చినా అదనపు లాభం కనిపించలేదని కూడా ఆ పరిశోధన నిజాయితీగా చెప్పింది. వేరే దేశాల్లో కొన్ని పరిశీలనలకు ఇంత తేడా దొరకలేదు. పండితుల మధ్య వాదం నడుస్తూనే ఉంది. ఇదే నిమ్స్ బృందం తర్వాత 608 మంది పక్షవాత రోగులను చూసింది. పక్షవాతం తర్వాత కూడా ఆలోచనశక్తి చెక్కుచెదరనివారు రెండు భాషల వారిలో దాదాపు 40 శాతం, ఒకే భాష వారిలో 20 శాతం. ఒక భాషలో మాట్లాడుతున్నంతసేపూ మెదడు రెండో భాషను అణచి ఉంచాలి, ఎదుటి మనిషి మారగానే విడిచిపెట్టాలి. రోజుకు వందసార్లు జరిగే ఈ కసరత్తు వల్ల మెదడులో కొంత శక్తి నిల్వ ఉంటుందని పరిశోధకుల ఊహ. వాన పడ్డ ఏడు గాదెకెత్తిన కందులు కరువేట అక్కరకు వచ్చినట్టు.

కానీ గాదె ఎప్పటికో ఒకప్పటికి ఖాళీ అవుతుంది. అప్పుడు చాలామందిలో తర్వాత నేర్చుకున్న భాష ముందు జారిపోతుంది. తల్లి ఒడిలో విన్న భాష చివరిదాకా అంటిపెట్టుకుని ఉంటుంది. తాండూరు అవ్వకు తెలుగు కొన్నేళ్ల తెలివిని కలిపి ఇచ్చిందనుకుందాం. ఆ తెలుగే వెళ్లిపోయాక ఆమెతో మాట్లాడేది ఎవరు? పరిశోధన మన మనుషుల నుంచి తీసుకున్నది మన ఇళ్లకు తిరిగి రావాల్సింది ఇక్కడే. అది చూసుకునేవారికి ఇచ్చే శిక్షణ రూపంలోనే రాగలదు.

శిక్షణకన్నా ముందు జబ్బు పేరు మాట. తెలంగాణలో మనం 'యాది' అంటాం. యాది అంటే జ్ఞాపకం మాత్రమే కాదు, తలపోత కూడా. ఆ మాటే ఉర్దూ 'యాద్' నుంచి వచ్చి మన ఇంటి మాటైంది. ఇంత చక్కని మాట చేతిలో ఉండగా పుస్తకాల్లో డిమెన్షియాను 'చిత్తవైకల్యం' అని రాస్తున్నాం. వీధిలో ఇంకా మొరటుగా 'మతి చెడింది', 'చాదస్తం' అంటున్నాం. జపాన్‌లోనూ ఒకప్పుడు ఈ జబ్బు పేరులో మందబుద్ధి అన్న నింద ఉండేది. 2004లో అక్కడి ప్రభుత్వం ఆ మాట తీసేసి కొత్త పేరు పెట్టింది. మరుసటి ఏడు నుంచి మామూలు జనానికి, బ్యాంకు ఉద్యోగులకు, దుకాణదారులకు, బడిపిల్లలకు గంటన్నర పాఠం చెప్పడం మొదలుపెట్టింది. ఆ పాఠం విన్నవారు కోటి మందికి పైనే. పేరు మార్చినంత మాత్రాన జబ్బు తగ్గదు. తిట్టులా వినిపించే పేరుంటే మాత్రం ఇంటివాళ్లు ఆసుపత్రి గడప తొక్కరు.

తొక్కితే ఏమవుతుందో కూడా చూడాలి. ఇవాళ తేదీ ఎంత, వంద నుంచి ఏడు తీసేస్తూ పోండి, ఈ వాక్యం చదవండి అని అడిగే పరీక్షలు చదువుకున్నవారి కోసం పుట్టినవి. చదువు రాని రైతమ్మకు అవి పెడితే జబ్బు లేకపోయినా ఉన్నట్టే తేలుతుంది. భారత వైద్య పరిశోధన మండలి తెలుగు, కన్నడం, హిందీ, బెంగాలీ, మలయాళం భాషల్లో జ్ఞాపకశక్తి పరీక్షలు తయారు చేయించింది. అందులో డాక్టర్ సువర్ణ పాత్ర కూడా ఉంది. ఆమె ఇప్పుడు బెంగళూరు నిమ్హాన్స్‌లో ఉన్నారు. ఇక్కడి పల్లెలకు కావలసిన రెండు భాషలూ ఆ అయిదింటిలో ఉన్నాయి. తండాల్లో ఇంటిభాష లంబాడీ. దానికీ ఎవరో ఒకరు పూనుకోవాలి.

వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండను ఈ సందర్భంలో తలచుకోకుండా ఉండలేం. నిజాం పాలనలో అక్కడి చెట్ల మధ్య క్షయ రోగులకు శానిటోరియం కట్టారు. శానిటోరియాలు వెలసిన కాలానికి క్షయను నయం చేసే మందు ఇంకా చేతికి అందలేదు. మంచి గాలి, వేళకు తిండి, విశ్రాంతి, నర్సుల ఓపిక, వైద్యమంటే అప్పట్లో అదే. మందు లేదని రోగిని ఇంటికి పంపేయలేదు. దగ్గర ఉండి చూసుకోవడాన్నే ఒక విద్యగా నేర్చి, ఒక కొండ మీద నిలబెట్టారు. డిమెన్షియా దగ్గర ఇప్పుడు మనం ఆ దశలోనే ఉన్నాం. డోనెపెజిల్ లాంటి మాత్రలు కొందరికి కొంతకాలం ఊతమిస్తాయి, జబ్బును ఆపలేవు. చూసుకోవడమే ప్రధాన వైద్యం. దాన్ని మాత్రం ఎవరికీ నేర్పకుండా ఇంటి కోడలి నెత్తిన పెట్టి, ఆమెకు సహజంగానే వచ్చుననుకుంటున్నాం.

ఆ విద్య ఎవరికీ పుట్టుకతో రాదు. "నేనెవరో చెప్పు, నా పేరేంది" అని పెద్దావిడను పదిమందిలో పరీక్షించకూడదని ఒకరు చెబితేనే తెలుస్తుంది. చనిపోయిన భర్త ఏడీ అని ఆమె అడిగిన ప్రతిసారీ చనిపోయాడని చెప్పడం ప్రతిసారీ కొత్త చావే. ఆ క్షణంలో ఆయన గురించి నాలుగు ముచ్చట్లు పెట్టి మనసు మళ్లించాలి. సాయంత్రం కాగానే గాబరా పెరగడం జబ్బులో భాగమనీ, మొండితనం కాదనీ తెలిస్తే కోడలి కోపం సగం దిగుతుంది. బుడ్డీ దీపం లాంటి మసక వెలుతురులో నీడలు భయపెడతాయి, గదిలో మంచి వెలుగు ఉండాలి. నీళ్లు పోసుకోనని మొరాయిస్తే పోట్లాడకుండా కాసేపాగి మళ్లీ అడగాలి. ఒక్క రెండు రోజుల్లోనే మనిషి తికమకపడితే అది మరుపు జబ్బు కాకపోవచ్చు, మూత్రంలో ఇన్ఫెక్షనో, కొత్తగా వేసుకున్న మాత్రో కారణం కావచ్చు. థైరాయిడ్, బి12 లోపం, దిగులు, వినికిడి తగ్గడం ఇవన్నీ మరుపులా కనిపిస్తాయి, వీటికి వైద్యం ఉంది. వినికిడి మాట వచ్చింది కనుక, తాండూరు నాపరాయి పాలిషింగ్ యూనిట్ల హోరులో జీవితం గడిపిన చెవులను కూడా పట్టించుకోవాలి. చెవుడు డిమెన్షియా ముప్పును పెంచే కారణాల్లో ఒకటని 'లాన్సెట్' వైద్య పత్రిక కమిషన్ గట్టిగానే చెబుతోంది.

మన దేశంలో 60 ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వెలువడిన జాతీయ స్థాయి అంచనా. పట్నాలకన్నా పల్లెల్లో, మగవారికన్నా ఆడవారిలో ఎక్కువ. ఇంతమందికి నరాల వైద్యులు సరిపోరు. ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నర్సులే దిక్కు. మంచం పట్టినవారి ఇళ్లకు వెళ్లే 'ఆలన' బృందాలు తెలంగాణలో ఉన్నాయి. వికారాబాద్‌లో 2023 సెప్టెంబరులో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. వైద్య విద్యార్థులు చదువు నాళ్లలోనే పల్లెల్లో కొన్ని కుటుంబాలను దత్తత తీసుకుని చూడాలని జాతీయ వైద్య కమిషన్ నియమం. ఆ ఇళ్లలో మూలన కూర్చున్న ముసలమ్మను పలకరించడం కూడా ఆ పాఠంలో ఉంటే బాగుంటుంది. బీపీ, షుగర్ చూసే చేత్తోనే నాలుగు మాటలు అడగొచ్చు: ఈ మధ్య ఏ పండుగ అయింది, మొన్న వచ్చిన చుట్టమెవరు, ఈసారి కంది ఎట్లుంది? నాలుగు నిమిషాల పని.

చూసుకునే మనిషిని చూసుకునేవారు కూడా కావాలి. రాత్రంతా మేలుకుని, పొద్దున పొలానికో పాలిషింగ్ యూనిట్‌కో వెళ్లే కోడలికి వారంలో ఒక పూట తెరపి ఇవ్వగల ఆడపడుచు ఉంటే, పక్కింటామె ఉంటే, అది ఎంత మందు! వృద్ధుల కోసం 14567 సహాయ నంబరు ఉంది. మనసు బాధలకు టెలీమానస్ నంబరు 14416 ఉంది. ఈ రెండు నంబర్లు గ్రామ పంచాయతీ గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

దారి తప్పిపోయే పెద్దవారి జేబులో, కొంగు ముడిలో ఒక చీటీ పెట్టమని శిక్షణల్లో చెబుతారు. పేరు, ఊరు, కొడుకు ఫోన్ నంబరు. తాండూరు వైపు ఆ చీటీ మీద మరో వరుస కూడా రాయాలి. రైల్వే స్టేషన్‌లో ఆమె కనిపించిన మనిషి ఆ వరుస చదివి, పక్కన బెంచీ మీద కూర్చుని, 'అవ్వా, ఊట ఆయ్తా (భోజనం అయిందా)?' అని అడగగలిగేలా: కన్నడంలో పిలవండి, పలుకుతుంది.