ముందు బ్రేకు చేసిన పాపమేమిటి?

మనవాళ్ళు బండి నేర్చుకునే పద్ధతి ఏ ఊళ్ళో చూసినా దాదాపు ఒకటే. సాయంత్రం పూట హైస్కూలు గ్రౌండు, బాబాయిదో మావయ్యదో బండి, వెనక కూర్చుని ఆయన చెప్పే నాలుగు ముక్కలు. క్లచ్ మెల్లగా వదులు, గేరు తొక్కు, హారన్ కొడుతూ ఉండు, ముందు బ్రేకు మాత్రం ముట్టుకోకు, పల్టీ కొడతావు. అంతే, చదువు పూర్తి. మర్నాటి నుంచి కుర్రాడు ట్యూషన్‌కి బండి మీదే వెళ్తాడు.

మొదటి మూడు ముక్కలతో నాకు పేచీ లేదు (హారన్ సంగతి ఇంకోసారి మాట్లాడుకుందాం). ఆ నాలుగోదే మనల్ని ముంచుతోందని నా అభిప్రాయం. బండి ఆగాలంటే ముఖ్యంగా పని చేయాల్సింది ముందు బ్రేకే.

ఇంటర్ ఫిజిక్స్ గుర్తు తెచ్చుకోండి. బ్రేకు వేయగానే బరువంతా ముందు చక్రం మీదకి వస్తుంది, వెనక చక్రం తేలికైపోతుంది. తేలికైన చక్రాన్ని ఎంత గట్టిగా తొక్కినా అది జర్రున జారుతుందే తప్ప బండి ఆగదు. పొడి రోడ్డు మీద గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్నారనుకుందాం. వెనక బ్రేకు ఒక్కటే తొక్కితే ఆగడానికి ఉజ్జాయింపుగా 40 మీటర్లు కావాలి. రెండూ సరిగ్గా వేస్తే 20 మీటర్లు చాలు. ఇంకోలా చెప్తాను. రెండు బ్రేకులూ వేసినవాడు పూర్తిగా ఆగిపోయిన చోట, వెనక బ్రేకువాడు ఇంకా 40కి పైగా వేగంతో పోతుంటాడు. అక్కడ ఒక లారీ అడ్డంగా ఉంటే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు.

ఇది నా సొంత సిద్ధాంతమేం కాదు. లాస్ ఏంజిలెస్ ప్రాంతంలో జరిగిన దాదాపు 900 మోటార్‌సైకిల్ ప్రమాదాల చోటుకి వెళ్ళి పరిశీలించి, హ్యారీ హర్ట్ అనే ఆయన బృందం 1981లో ఒక నివేదిక ఇచ్చింది. ఆపద కనపడ్డాక రైడర్‌కి దొరికే సమయం రెండు సెకన్ల లోపేనట. ఆ కాస్త సమయంలో చాలామంది చేసిన పని, వెనక బ్రేకు అతిగా తొక్కి ముందుది చాలీచాలకుండా నొక్కడం. ఆ ప్రమాదాల్లో ఉన్న రైడర్లలో 92 శాతం మంది తమంతట తాము నేర్చుకున్నవాళ్ళో, చుట్టాల దగ్గరో స్నేహితుల దగ్గరో నేర్చుకున్నవాళ్ళో. అంటే అమెరికాలో కూడా బాబాయిలున్నారన్నమాట!

తేడా ఏమిటంటే ఇక్కడ ఆ బాబాయికి ప్రత్యామ్నాయం ఒకటుంది. మోటార్‌సైకిల్ సేఫ్టీ ఫౌండేషన్ వాళ్ళ కోర్సులో ఖాళీ పార్కింగ్ లాట్‌లో చిన్న బండిచ్చి, ఆపిన ప్రతిసారీ రెండు బ్రేకులూ వేయించి అలవాటు చేస్తారు. ఇండియాలో పదేళ్ళు బండి నడిపి వచ్చిన మన మిత్రులు "నాకెందుకురా ఇది" అంటూ లైసెన్సు టెస్టు తప్పుతుందని చేరుతుంటారు (చాలా రాష్ట్రాల్లో కోర్సు పాసైతే రోడ్డు టెస్టు మినహాయిస్తారు). అడిగి చూడండి, బ్రేకు దగ్గరే కొత్త విషయం తెలిసిందంటారు. మన దగ్గర 8 అంకె వేసి కాలు కింద పెట్టకపోతే లైసెన్సు చేతికొస్తుంది. బ్యాలెన్సు ఉందో లేదో చూస్తారు, ఆపడం వచ్చో రాదో ఎవరికీ పట్టదు.

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్ళు 1,68,491 మంది అని కేంద్ర రవాణా శాఖ లెక్క. అందులో దాదాపు 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్ళే. అందరూ బ్రేకు వల్లే పోయారని అనను. తాగి నడిపినవాళ్ళున్నారు, హెల్మెట్ ట్యాంకు మీద పెట్టుకున్నవాళ్ళున్నారు, ఏ తప్పూ చేయకుండా లారీ కింద పడ్డవాళ్ళున్నారు. కానీ ఆ 20 మీటర్లు ఎవరికో ఒకరికి మిగిలేవి కదా.

"అన్నయ్యా, నీకేం, అక్కడ అద్దంలాంటి రోడ్లు. ఇక్కడ ఇసుకలో ముందు బ్రేకు వేస్తే మూతిపళ్ళు రాలతాయి" అని మా తమ్ముడి వాదన. వాడన్నదాంట్లో నిజముంది. ఇసుక మీద, రోడ్డు మీద ఆరబోసిన వడ్ల మీద, మలుపులో బండి వాలి ఉన్నప్పుడు, ముందు బ్రేకు గభాల్న పట్టేస్తే చక్రం బిగుసుకుని పడేస్తుంది. అందుకే దాన్ని వాడటం నేర్చుకోవాలి. గుప్పెట బిగించినట్టు కాకుండా నిమ్మకాయ పిండినట్టు, ముందు మెల్లగా, బరువు ముందుకి వచ్చాక గట్టిగా. వడ్లు కనపడితే వాటి మీదకి వెళ్ళకముందే, బండి నిటారుగా ఉండగానే వేగం తగ్గించేయాలి. కత్తి కోసుకుంటుందని వంటింట్లో కత్తి మానేస్తామా?

ప్రభుత్వానికి కూడా మన అలవాటు తెలిసిపోయినట్టుంది. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాకా ఉన్న కొత్త బండ్లకి కాలి బ్రేకు తొక్కితే ముందుది కూడా కొంత పడేలా కలిపి ఇస్తున్నారు, అంతకన్నా పెద్దవాటికి ఏబీఎస్ తప్పనిసరి చేశారు. మంచిదే. కానీ ఇంట్లో నాన్నగారి పాత బండికి ఇవేవీ ఉండవు, కొత్త బండికి కూడా కేబులు వదులైతే ఏ టెక్నాలజీ ఏం చేస్తుంది?

ఇక్కడే నా రెండో ఫిర్యాదు. చదువుకున్నవాడి చేతికి గ్రీజు అంటకూడదని మనకో నమ్మకం. పొద్దున షెడ్డులో బండి పడేస్తాం, సాయంత్రం తెచ్చుకుంటాం, మధ్యలో ఏం జరిగిందో అడగం. షెడ్డు కుర్రాణ్ణి తప్పు పట్టను, రోజుకి పది బండ్లు చేస్తాడు పాపం. అయితే ఒక ఉదాహరణ చూడండి. చైన్ లూజైందని బిగిస్తారు. చైన్ బిగించడమంటే వెనక చక్రాన్ని వెనక్కి జరపడమే. చక్రం జరిగితే డ్రమ్ము బ్రేకు రాడ్డు కూడా బిగుస్తుంది. దాన్ని మళ్ళీ సరిచేయకపోతే బ్రేకు ఎప్పుడూ కాస్త పట్టుకునే ఉంటుంది, మైలేజీ పడిపోతుంది, డ్రమ్ము వేడెక్కుతుంది. మనం పెట్రోలు బంకువాణ్ణి తిడుతూ ఉంటాం! రాడ్డు చివరున్న నట్టుని రెండు మూడు చుట్లు వదులు చేస్తే పోయేదానికి. దానికి పానా కూడా అక్కర్లేదు, చాలా బండ్లకి చేత్తోనే తిరుగుతుంది.

ఆ డ్రమ్ము పక్కనే ఒక బాణం గుర్తు ఉంటుంది చూడండి. బ్రేకు పూర్తిగా తొక్కినప్పుడు అది ఎదుటి గీత దాకా వస్తే లైనర్లు అయిపోయినట్టు. ఏళ్ళుగా బండి నడుపుతున్నవాళ్ళు కూడా ఆ బాణాన్ని చూసి ఉండరు. చైన్ డబుల్ స్టాండు వేసి, న్యూట్రల్‌లో, కింది వైపు మధ్యలో వేలితో కదిపి చూడాలి. ఎంత ఆడాలో మాన్యువల్‌లో ఉంటుంది. శుభ్రం చేసేటప్పుడు మాత్రం ఇంజను ఆపేసి, చక్రం చేత్తోనే తిప్పండి. గేరులో తిరుగుతున్న చైన్‌కి గుడ్డ పెట్టి వేళ్ళు పోగొట్టుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. టైర్లలో గాలి చల్లగా ఉన్నప్పుడు చూసుకోవాలి. వాల్వులు, కార్బురేటరు జోలికి వెళ్ళమని నేననను, వాటికి షెడ్డు ఉంది. బ్రేకులు, చైను, టైర్లు మాత్రం ఎవరి బండివి వాళ్ళే చూసుకోవాలి.

ఇక్కడ మెకానిక్ గంటకి వంద డాలర్లు అడుగుతాడు కాబట్టి మనవాళ్ళు చచ్చినట్టు పానా పట్టుకుంటారు. అక్కడ అంత ఖర్చు లేదు కాబట్టి పట్టుకోరు. అంతకుమించి తెలివితేటల్లో తేడా ఏమీ లేదు.

ఈసారి సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు తమ్ముడో మేనల్లుడో ఉంటే ఒక ఆదివారం వాణ్ణి లేపండి. మన ఊళ్ళ చుట్టూ ప్లాట్లు వేసి ఇళ్ళు కట్టని వెంచర్లు బోలెడు, సిమెంటు రోడ్లు ఖాళీగా పడి ఉంటాయి. ముందు రోడ్డు మీద ఇసుక ఊడ్చేయండి. హెల్మెట్ బకిల్ పెట్టించి 20 వేగంతో మొదలుపెట్టి, 30, తర్వాత 40. ప్రతిసారీ ఒకే గీత దగ్గర బ్రేకు వేయించి, ఎక్కడ ఆగాడో సుద్దముక్కతో గుర్తు పెట్టండి. చూపు చక్రం మీద కాదు, దూరంగా ఉండాలి. ముందు చక్రం జారినట్టనిపిస్తే లివరు వెంటనే వదిలి మళ్ళీ పట్టాలి. పదో పదిహేనోసారికి సుద్ద గుర్తులు దగ్గరికి జరగడం వాడే చూస్తాడు. ఆరింటికల్లా వెళ్ళండి, తొమ్మిదైతే ఎండ మాడుస్తుంది, పైగా ప్లాట్లు చూపించే ఏజెంట్లు వచ్చి మీకో రెండొందల గజాలు అంటగడతారు.