మా విల్లు ఏ అరలో పెడతారు?

మా తాత దూదేకులవాడు. చోడవరంలో కాపురం. విల్లు భుజానేసుకుని మాడుగుల వైపు ఊళ్ళన్నీ తిరిగేవాడు. మనిషంత పొడుగు విల్లు, మేకనరం పేనిన తీగ, దాన్ని కొట్టడానికి చెక్క గుండు. తీగ మోగిందంటే ఇళ్ళలోంచి పాత పరుపులు, దిండ్లు బయటికొచ్చేవి. సాయంత్రానికి కనుబొమలు, మీసాలు దూదిపట్టి తెల్లగా ఇంటికొచ్చేవాడు. మాట తెలుగు. పేరు సగం తెలుగు. ఊరందరికీ సాయిబు. మసీదులో కొందరికి మాత్రం 'ఆఁ, దూదేకులోడే కదా'. ఈ రెండో అవమానం గురించి మనవాళ్ళు రాయరు. రాయాలి.

ఆ విల్లు ఇప్పుడు లేదు. దూది ఏకే మిషన్లొచ్చాయి, ఫోము పరుపులొచ్చాయి. విల్లు పొయ్యిలోకి పోయింది.

చదువుకునే రోజుల్లో, దూరపు ఊళ్ళో, ఒక విశ్వవిద్యాలయం వాళ్ళ ఆంత్రోపాలజీ మ్యూజియం చూశాను. పేరు అనవసరం. గాజు పెట్టెల్లో గదబ ఆడవాళ్ళు నేసిన కెరంగ్ నారబట్ట, బాణాలు, వెదురు బుట్టలు. చీటీ మీద తెగ పేరుంది, వస్తువు పేరుంది. నేసిన మనిషి పేరు లేదు. ఏ ఊరిదో లేదు. ఎంతిచ్చి కొన్నారో, అసలిచ్చారో లేదో రాయలేదు. 'వీరు ఇటువంటి బట్ట ధరిస్తారు' అని మాత్రం ఉంది. ఎప్పుడు? ఎప్పుడూ అట!

మావాళ్ళ కోసం వెతికాను. లేరు. అక్కడి ఉద్యోగిని అడిగితే 'ముస్లింలవి హిస్టరీ మ్యూజియంలో ఉంటాయి బాబూ' అన్నాడు. మర్యాదగానే అన్నాడు. అదే నన్ను ఎక్కువ కాల్చింది.

హిస్టరీ మ్యూజియంలో ఏముంటాయి? కత్తులు, డాళ్ళు, ఫర్మానాలు, నాణేలు, బిద్రీ హుక్కాలు. నవాబుల సొత్తు. మా తాత దగ్గర కత్తి లేదు, దిండు కుట్టే సూది ఉంది. ఆదివాసికి ఆచారం ఇచ్చి చరిత్ర లేదన్నారు. మాకు చరిత్ర అంటగట్టి బతుకు లేదన్నారు. అతను ఈ మట్టిలోంచి కదలకూడదు, మేము ఈ మట్టివాళ్ళం కాకూడదు. రెండు చీటీలూ రాసిన చెయ్యి ఒకటే.

ఆ చెయ్యి పాతది. చోడవరం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో ఎడ్గార్ థర్‌స్టన్ 1885 నుంచి 1908 దాకా మద్రాసు మ్యూజియానికి సూపరింటెండెంటు. మనుషుల తలలు, ముక్కులు కొలిచాడు. కె. రంగాచారితో కలిసి 1909లో దక్షిణ భారత కులాలు, తెగల మీద 7 సంపుటాలు వేశాడు. అందులో దూదేకులవాళ్ళకూ ఒక పద్దు ఉంది. గదబలకూ ఉంది. ఆ మ్యూజియంలోకి కోదుల మెరియా బలి కంబం చేరింది. కోదుల సేద్యం, పాటలు, పంచాయితీ అన్నీ వెనకపడి నరబలి కొయ్య ముందుకొచ్చింది. ఏది దాచాలో నిర్ణయించేవాడే మనమెవరమో నిర్ణయిస్తాడు.

తెల్లవాడు పోయాడు, కొలత పోలేదు. 1985లో మొదలైన 'పీపుల్ ఆఫ్ ఇండియా' సర్వే దేశంలో 4,635 సముదాయాలున్నాయని తేల్చింది. అందులో ముస్లింలవే వందల్లో ఉన్నాయి. అంటే పండితులకు మేము తెలియక కాదు. ఫైల్లో ఉన్నాం, అరలో లేం.

అరలో లేకపోతే ఏం నష్టమని సెక్యులర్ మిత్రులు అడుగుతారు. 2007లో వెనుకబడిన ముస్లింలకు బీసీ-ఇ కింద 4 శాతం చట్టం చేసినప్పుడు 'ముస్లింలలో కులాలెక్కడివి?' అని అడిగినవాళ్ళలో వీళ్ళూ ఉన్నారు. దూదేకులవాళ్ళం అంతకు ముందునుంచే బీసీ-బిలో ఉన్నాం. అదీ వాళ్ళకు కొత్తగానే వినపడింది! 2010లో హైకోర్టు ఆ చట్టాన్ని కొట్టేస్తే, సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో నిలిచింది. ఆ చట్టం జాబితా ఒకసారి చదవండి. అత్తరు సాయిబులు, గారడీ సాయిబులు, ఎలుగుబంట్లను ఆడించేవాళ్ళు, హజాంలు, ఫకీర్లు, ధోబీ ముస్లింలు, కురేషీలు. అత్తరు బుడ్డి, పాముల బుట్ట, ఎలుగు ముక్కుతాడు, మంగలి కత్తి. ఎవరూ కట్టని మా మ్యూజియం అది. ఆ వస్తువులు చిన్నప్పుడు బడిపిల్లలు చూసి ఉంటే, పెద్దయ్యాక ఆ ప్రశ్న అడిగేవారు కాదు.

'అయితే మిమ్మల్నీ గాజు పెట్టెలో పెట్టమంటారా' అని ఒక మిత్రుడు వెక్కిరించాడు. మమ్మల్ని కాదయ్యా, విల్లుని పెట్టమంటున్నాను. దాని పక్కన అది పొయ్యిలోకి ఎందుకు పోయిందో రాయమంటున్నాను. గదబ అక్క నేసిన బట్ట దగ్గర ఆమె పేరు, ఊరు రాయమంటున్నాను. ఆ కొండలు గనుల లీజులకు పోతుంటే 1997లో సమత కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళి గెలిచిందని కూడా రాయమంటున్నాను. ఆచారాలున్న గోడ మీదే పోరాటాలూ ఉండాలి.

మాకు దగ్గరున్న ఆంత్రోపాలజీ శాఖ ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఉంది. ఏజెన్సీకి వెళ్ళే పరిశోధక విద్యార్థులు చోడవరం మీదుగా మాడుగుల దాటి పోతుంటారు. ఒక్క పూట మా సందులో ఆగండి. కొలతబద్ద బస్సులో వదిలిరండి. మా పిన్ని ఇంట్లో అటక మీద తాత చెక్క గుండు ఇంకా ఉంది, తీగ కొట్టీ కొట్టీ ఒక పక్క అరిగిపోయింది. అడిగితే ఇస్తాం. చీటీ మేము రాస్తాం, తప్పులుంటే మీరు దిద్దండి. తాత పేరు, చోడవరం, రోజుకి ఎన్ని పరుపులు ఏకేవాడు, పరుపుకి ఎంత పుచ్చుకునేవాడు. లెక్కలన్నీ పిన్నికి గుర్తున్నాయి. ఆమెకిప్పుడు ఎనభై దాటాయి.