మేమే కొనలేదు

2015 చివర్లో ఒక ఆదివారం గచ్చిబౌలి వైపు పావుగంటసేపు ఫియట్‌వాళ్ళ అబార్త్ పుంటో నడిపాను. 1368 సీసీ టర్బో పెట్రోల్ ఇంజిన్, 145 హార్స్‌పవర్, ఐదు గేర్లు, నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులు. ఢిల్లీ ఎక్స్‌షోరూమ్ ధర 9.95 లక్షలు. రెండువేల ఆర్‌పీఎం దాటేవరకు బండి నింపాదిగా కదిలింది. టర్బో అందుకోగానే వీపు సీటుకు అతుక్కుపోయింది. రెండు నుంచి మూడుకు గేరు మార్చేటప్పుడు అరచేతికి తగిలిన ఆ బరువు ఇప్పటికీ గుర్తుంది.

ఇంటికొచ్చి ఐదుగురు స్నేహితులకు ఫోన్ చేశాను. అందరం కార్లంటే ప్రాణం పెట్టేవాళ్ళమే. వారం తిరక్కుండా ఐదుగురూ వెళ్ళి నడిపొచ్చారు. అందరి నోటా ఒకటే మాట, ఇది మనకోసమే చేసిన బండి అని. ఆరుగురిలో ఒక్కరం కూడా కొనలేదు. నేను మూడు నెలల తర్వాత డీజిల్ ఆటోమేటిక్ ఎస్‌యూవీ తీసుకున్నాను. మైలేజీ ఇస్తుందని, అమ్మేటప్పుడు రేటు వస్తుందని, అమ్మానాన్నలకు ఎక్కి దిగడానికి వీలుగా ఉంటుందని. 2019 వచ్చేసరికి ఫియట్ మన దేశంలో దుకాణం కట్టేసింది. ఆ వార్త చదివిన రాత్రి ఆరుగురం ఒకరికొకరం ఫోన్లు చేసుకుని చాలాసేపు బాధపడ్డాం. ఆ బాధను తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. ఎవరి ఇంట్లోనో జరిగిన నష్టానికి పరామర్శకు వెళ్ళినట్టు మాట్లాడుకున్నాం. ఆ నష్టంలో మా చెయ్యి ఉందని ఒక్కరం అనలేదు.

మాన్యువల్ గేర్లున్న హుషారైన చిన్న కార్లను కంపెనీలు చంపేశాయని మాలాంటివాళ్ళం ఏళ్ళ తరబడి అంటున్నాం. ప్రభుత్వం పన్నులేసి చంపిందంటాం. ట్రాఫిక్ చంపిందంటాం. నేనూ అన్నాను, పెళ్ళిళ్ళలో, ఆఫీసు క్యాంటీన్లో, పెట్రోలు బంకు దగ్గర. అన్న ప్రతిసారీ అది సగం నిజమేనని నాకు తెలుసు.

మిగతా సగం ఇది. 2001లో ఫియట్ పాలియో వచ్చింది. అందులో 1.6 లీటర్ల ఇంజిన్, వంద హార్స్‌పవర్. అంత చిన్న కారులో అంత బలం అప్పట్లో మాకు కల. మేమేం చేశాం? ‘పెట్రోలు తాగేస్తుందిరా’ అని ఊరంతా చెప్పుకొచ్చాం. కొన్నవాణ్ణి పట్టుకుని మొదట అడిగింది లీటరుకెంత వస్తుందని. కారు గురించి ఇతరులకు సలహా చెప్పేది మేమే. చుట్టాల్లో, కాలనీలో ఎవరు కారు కొన్నా ముందు మమ్మల్నే అడుగుతారు. అలా అడిగినవాళ్ళకి మేం ఏ రోజూ మేం ప్రేమించిన బండిని చూపించలేదు. ‘మీకెందుకండీ అది, గొడవలేకుండా ఫలానాది తీసుకోండి’ అన్నాం. ఆ ఫలానాదాన్ని మేం ఒక్కరోజు కూడా ఇష్టంగా నడపలేదు.

పన్ను సంగతి చెప్పాలి. 2006 బడ్జెట్‌లో చిన్న కారుకు ఒక గీత గీశారు. పొడవు నాలుగు మీటర్లు దాటకూడదు, పెట్రోలైతే 1200 సీసీ, డీజిలైతే 1500 సీసీ దాటకూడదు. ఆ లోపుంటే ఎక్సైజు సుంకం తక్కువ పడేది. అబార్త్ పొడవులో గీతకు లోపల ఉన్నా, ఇంజిన్ కొలతలో బయటపడింది. దీన్ని మేం పెద్ద శాపంలా చెప్పుకున్నాం. అయితే ఆ గీత లోపలే కంపెనీలకు ఇంకో దారి దొరికింది. ఇంజిన్ పరిమాణం తగ్గించి, టర్బోతో గాలి ఎక్కువ తోసి, పెద్ద ఇంజిన్ చేసే పని చిన్నదానితో చేయించడం మొదలైంది. 2013లో ఎకోస్పోర్ట్‌లో ఫోర్డ్ పెట్టిన ఎకోబూస్ట్ ఇంజిన్ 999 సీసీ, మూడే సిలిండర్లు, అయినా 125 హార్స్‌పవర్. దానికి మాన్యువల్ గేరే. ప్రపంచంలోనే ఆ ఏటి మేటి ఇంజిన్ అని వరసగా మూడేళ్ళు, 2012 నుంచి 2014 దాకా, అంతర్జాతీయ బహుమతి దానికే వచ్చింది. మేమేమన్నాం? ‘లీటరు ఇంజిన్‌కి పది లక్షలా? మూడు సిలిండర్లా?’ అన్నాం.

ఈ మాట అన్నవాళ్ళం ఎవరం? మాలో చాలామంది మొదట తిప్పిన స్టీరింగు మారుతి 800ది. అది 796 సీసీ, మూడు సిలిండర్లు. ఆ బండి మీదే గేర్లు నేర్చుకున్నాం, ఆ బండి మీదే రోడ్డును ప్రేమించాం.

నాకైతే అంతకన్నా ముందు నాన్నగారి ప్రీమియర్ పద్మిని ఉంది. 1089 సీసీ. గేరు రాడ్డు స్టీరింగు పక్కన. వేసవి సెలవుల్లో విశాఖపట్నం నుంచి అరకు వెళ్తుంటే శృంగవరపుకోట దాటాక ఘాట్ మొదలయ్యేది. మలుపు కంటికి కనిపించకముందే నాన్న గేరు దించేవారు. ఎందుకలా అని ఒకసారి అడిగాను. ‘ఎత్తు మీద స్పీడు పడిపోయాక దించితే ఇంజిన్ కోలుకోదురా, పడిపోకముందే దించాలి’ అన్నారు. దిగేటప్పుడు ఏ గేర్లో ఎక్కారో అదే గేర్లో దిగేవారు. బ్రేకు మీద కాలు అరుదుగా పడేది. వెనక సీట్లో కూర్చుని కళ్ళు మూసుకుంటే, గేరు ఎప్పుడు మారబోతుందో ఇంజిన్ మూలుగును బట్టి చెప్పగలిగేవాణ్ణి.

చిన్న ఇంజిన్‌కీ చేతి గేరుకీ ఉన్న సంబంధం ఆ ఘాట్లోనే ఉంది. పెద్ద ఇంజిన్ ఏ గేర్లో ఉన్నా లాగేస్తుంది, డ్రైవరు పొరపాటు చేసినా కప్పిపుచ్చుతుంది. చిన్నదాని సత్తువంతా ఆర్‌పీఎం ముల్లు తిరిగే ఒక ఇరుకు మేరలో ఉంటుంది. టర్బో ఉన్నదైతే మరీను. ముల్లు ఆ మేర కిందికి జారితే టర్బో నిద్రపోతుంది, దాన్ని మళ్ళీ లేపడానికి ఒకటి రెండు క్షణాలు పడుతుంది. ముల్లును అక్కడే నిలబెట్టే పని గేరుది. ఆ గేరు చేతిలో ఉన్నప్పుడు డ్రైవరు ముందు మలుపును చదువుతాడు, లారీ వెనక ఉండగానే దాటేందుకు సిద్ధమవుతాడు, కాలి మునివేళ్ళు బ్రేకు మీద ఉంచి మడమతో యాక్సిలరేటరు తట్టి, దించే గేరుకు సరిపడా ఇంజిన్ వేగం పెంచుతాడు. 70 హార్స్‌పవరే ఉన్నా అదంతా వాడుకున్న తృప్తి ఉంటుంది. ఇప్పటి రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ నాకంటే చాలా వేగంగా గేర్లు మారుస్తుంది. ఒక క్లచ్ బేసి గేర్లు చూసుకుంటే రెండోది సరి గేర్లు చూసుకుంటుంది, తర్వాతి గేరు ముందే సిద్ధంగా ఉంటుంది. గడియారం పట్టుకుని చూస్తే నేను ఓడిపోతాను, ఒప్పుకుంటాను. నాకు కావలసింది గెలుపు కాదు, ఆ పనిలో పాలు.

ఇదంతా మాకు తెలుసు. తెలిసినవాళ్ళం చెప్పాల్సిన చోట చెప్పలేదు, ఖర్చుపెట్టాల్సిన చోట పెట్టలేదు. 2017లో బలెనో ఆర్‌ఎస్ వచ్చింది. 998 సీసీ బూస్టర్‌జెట్, మాన్యువల్ మాత్రమే. మామూలు బలెనో కంటే ధర ఎక్కువని వదిలేశాం. 2018లో టాటావాళ్ళు కోయంబత్తూరు కంపెనీ జయేమ్‌తో కలిసి టియాగో జేటీపీ తెచ్చారు. 114 హార్స్‌పవర్, ధర 6.39 లక్షలు. అంత తక్కువలో అంత సరదా ఇంకెవరిస్తారని మెచ్చుకున్నాం, ‘టియాగోకి అంత పెడతామా’ అని వెనక్కి తగ్గాం. 2020లో బీఎస్6 కాలుష్య నిబంధనలు వచ్చినప్పుడు రెండూ వెళ్ళిపోయాయి. అమ్ముడుపోని ఇంజిన్‌ను కొత్త నిబంధనకు తగ్గట్టు మార్చడానికి ఏ కంపెనీ డబ్బు ఖర్చుపెడుతుంది? బీఎస్6నే మళ్ళీ తిట్టాం. జపాన్‌లో ఉన్న స్విఫ్ట్ స్పోర్ట్ మనకెందుకు తేరని అంతకుముందే నిలదీశాం. ఇక్కడికి తెచ్చినవి షోరూముల్లో ఉండగానే.

పోలో విషయంలో మా తప్పు ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 2013లో పోలో జీటీ టీఎస్ఐ 1197 సీసీ ఇంజిన్‌తో వచ్చింది, ఏడు గేర్ల ఆటోమేటిక్‌తో మాత్రమే. అదొక్కటే లోపమన్నాం. చేతి గేరు పెట్టండి, వరసకట్టి కొంటామన్నాం. 2020లో పోలోలో లీటరు టర్బో ఇంజిన్‌కి ఆరు గేర్ల మాన్యువల్ వచ్చింది. అప్పటికి మా కళ్ళు సన్‌రూఫ్ మీదికి, ఎత్తైన బండ్ల మీదికి మళ్ళాయి. డిజైన్ పాతబడిందన్నాం. 2022లో పోలో ఆగిపోయింది. ఆగిపోయాక దాని ఫోటోలు ఫోన్ తెరల మీద పెట్టుకున్నాం.

డబ్బు ఒక్కటే అయితే ఇంత బాధ ఉండదు. అందరి దగ్గరా డబ్బుండదు, ఇంటికి ఒక్క కారే ఉన్నప్పుడు అందరి అవసరమూ చూడాలి. నేను క్షమించుకోలేనిది వేరే ఉంది.

2014లో సెలేరియోతో ఏఎంటీ మన రోడ్లమీదికి వచ్చింది. గేర్‌బాక్సు మామూలుదే, క్లచ్ తొక్కే పనీ గేరు మార్చే పనీ మాత్రం యంత్రం చూసుకుంటుంది. దాంతో తక్కువ ధరలో ఆటోమేటిక్ దొరికింది. మా అక్కకు అప్పుడు 46 ఏళ్ళు. రెండుసార్లు డ్రైవింగ్ స్కూల్లో చేరి మానేసింది. ఫ్లైఓవరు ఎక్కేటప్పుడు ట్రాఫిక్ ఆగితే బండి వెనక్కి జారుతుందన్న భయం, దానికి తోడు ఎడమ మోకాలి నొప్పి. ఏఎంటీ కారు కొని నెల తిరిగేసరికి ఒక్కతే ఆఫీసుకు వెళ్ళి రావడం మొదలుపెట్టింది. ఒక పండగనాడు ఇంట్లో అందరి ముందూ నేనన్నాను, ‘దీన్ని డ్రైవింగంటారా అక్కా?’ అని. నవ్వారంతా. అక్కా నవ్వింది. ఆ తర్వాత నేను బండిలో ఉంటే ఆమె స్టీరింగు పట్టుకోలేదు, తాళాలు నాకే ఇచ్చేది. నాకది అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది.

ఇలాంటి మాట మాలో ప్రతివాడూ ఎవరినో ఒకర్ని అన్నాడు. గేరు రాడ్డును మగతనానికి గుర్తుగా చేశాం. ఆటోమేటిక్ అంటే ఆడవాళ్ళకి, ముసలివాళ్ళకి అని గీత గీశాం. రోజూ అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీకి హాఫ్ క్లచ్ మీద పాకే మనిషికి ఆటోమేటిక్ ఎంత ఊరటో గుర్తించలేదు. నిజంగా ఆ ఘాట్ ఆనందం అంత గొప్పదైతే, అక్కను ఒక ఆదివారం ఖాళీ రోడ్డుకి తీసుకెళ్ళి ఓపిగ్గా చూపించి ఉండాల్సింది. ఆమెకు నచ్చేదేమో. నచ్చకపోయినా నష్టం లేదు. మేం మాత్రం ఎవర్నీ పిలవలేదు, పిలవకుండానే మనవాళ్ళు తగ్గిపోతున్నారని వాపోయాం. అర్ధరాత్రి జూబ్లీహిల్స్ వీధుల్లో సైలెన్సర్లు మార్చిన బండ్లతో పసిపిల్లల్ని లేపినవాళ్ళు కూడా మాతో తిరిగేవాళ్ళే. వాళ్ళకీ అడ్డు చెప్పలేదు. ఇప్పుడు ‘కార్ల పిచ్చి’ అనగానే జనానికి ఆ మోతే గుర్తొస్తుంది.

పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ నుంచి 2019లో సెల్టోస్ వచ్చినప్పుడు 1.4 లీటర్ల టర్బో ఇంజిన్‌కి ఆరు గేర్ల మాన్యువల్ ఉండేది. 2023లో అదే బండికి 160 హార్స్‌పవర్ ఇంజిన్ పెట్టారు. గేరు రాడ్డు కావాలంటే ఐఎంటీ ఇచ్చారు, అంటే రాడ్డు ఉంటుంది, క్లచ్ పెడల్ ఉండదు. మన నేల మీద తయారయ్యే బండిలో ఆ పెడల్ మాయమైతే, తప్పు ఎవరిదని పెనుకొండను అడగలేను. అదే ఏడాది హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్‌లో దానికి ఎదురుగా జరిగింది. ఐఎంటీ తీసేసి అసలైన క్లచ్‌తో ఆరు గేర్ల మాన్యువల్ పెట్టారు. ఒక షోరూముకి వెళ్ళి చూశాను. మాన్యువల్ ఎంతమంది తీసుకుంటున్నారని అక్కడి కుర్రాణ్ణి అడిగాను. ‘చూడ్డానికి చాలామంది వస్తున్నారు సార్’ అన్నాడు. నేనూ చూసి వచ్చేశాను.

కిందటేడు విజయవాడలో ఒక సెకండ్‌హ్యాండ్ టర్బో హ్యాచ్‌బ్యాక్ అమ్మకానికుందంటే వెళ్ళాను. అమ్మే అబ్బాయికి ముప్పై ఏళ్ళుంటాయి. బండిని బిడ్డలా చూసుకున్నాడు. కొత్తగా ఉన్నప్పుడు అమ్ముడైనవే కొన్ని కాబట్టి స్పేర్ పార్టులు దొరకడం కష్టమైందని, ఒక్కోదానికి నెలలు ఆగాల్సొస్తోందని, అందుకే వదులుకుంటున్నానని చెప్పాడు. ‘మీరు కొత్తదే తీసుకోవాల్సింది కదండీ, అప్పుడు మీకు ఉద్యోగం ఉంది, నేనింకా చదువుకుంటున్నాను’ అన్నాడు. కోపంగా అనలేదు. రీసేల్ రాదనుకున్నానని చెప్పబోయి ఆగిపోయాను. అతను చెప్పిన ధర నేను ఊహించినదానికంటే ఎక్కువ.

మంగళగిరి దాకా నడిపి తిరిగొచ్చాను. తాళాలు ఇచ్చేసి, ఆలోచించి చెప్తానన్నాను. అతను తలూపాడు, నేను ఫోన్ చెయ్యనని అతనికి అర్థమైందనిపించింది. నా ఆటోమేటిక్‌లో హైదరాబాద్ బయల్దేరాను. చిల్లకల్లు టోల్‌గేటు దగ్గర వరసలో బండి నెమ్మదిస్తుంటే, ఎడమ కాలు తనంతట తానే లేచి లేని క్లచ్ కోసం నేలను తొక్కింది.