ఎరుపు చూసి దుంప కొనవద్దు



సంక్రాంతి దగ్గర పడితే పూర్ణా మార్కెట్లోను, రైతుబజార్లలోను చిలగడదుంపలు కుప్పలు పోస్తారు. స్టీల్‌ప్లాంటు ఉద్యోగాలకు వచ్చి ఇక్కడ స్థిరపడిన సీమవారు వీటిని గెనుసుగడ్డలంటారు, తెలంగాణవారు కందగడ్డలంటారు. పేరు ఏదైనా మనందరం కొనే తీరు ఒకటే. ఏ కుప్ప ఎర్రగా మెరుస్తుంటే అక్కడ ఆగుతాం. ఈ అలవాటు మానుకోవాలని మా మనవి.

మనం ఎరుపే కోరుతున్నామని తెలిసి కొన్నిచోట్ల దుంపలకు రోడమిన్-బి అనే రంగు పూస్తున్నారు. అది బట్టలకు అద్దే రంగు, కడుపులోకి వెళ్ళవలసింది కాదు. దీనిని కనిపెట్టడానికి ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. ఒక సులువైన పరీక్ష చెప్పింది. దూదిని నీటిలోగాని, వంటనూనెలోగాని తడిపి దుంప తొక్కపై రుద్దండి. దూది ఎర్రబడితే ఆ దుంప వద్దు. బండి మీద అమ్ముకునే అమ్మను మాత్రమే నిందించి లాభం లేదు. మనం ఎరుపు అడగడం మానితే రంగు పూసే పని ఉండదు.

మరి ఏం చూడాలి? ముందు దుంపను చేతిలోకి తీసుకోండి. గట్టిగా, బరువుగా ఉండాలి. తొక్క ముడతలు పడకూడదు. చివరలు నొక్కి చూడండి, మెత్తగా ఉంటే కుళ్ళు మొదలైనట్టే. సూదితో పొడిచినట్లు సన్నని రంధ్రాలుంటే లోపల ముక్కుపురుగు ఉంది. అలాంటి దుంప చేదెక్కుతుంది, ఎంత ఉడికించినా ఆ చేదు పోదు. షిఫ్టు దిగి గాజువాకలో చీకటివేళ చవగ్గా వచ్చిందని కుప్ప కొని, పుచ్చు కోసేసి మిగతాది పిల్లలకు పెట్టే తల్లులున్నారు. అమ్మలారా, అలా రెండు కిలోలు కొనేకంటే ఏరుకున్న అరకిలో మేలు.

ఎర్ర తొక్క ఉన్నంత మాత్రాన విటమిన్-ఎ ఉండదు. లోపల తెల్లగా ఉంటే అది చాలా తక్కువ. కంటిచూపుకు మేలు చేసేది లోపల నారింజ రంగున్న దుంప. ఇలాంటి దుంపలను ఆఫ్రికాలో వ్యాప్తి చేసిన శాస్త్రవేత్తలకు 2016లో ప్రపంచ ఆహార బహుమతి లభించింది. మన దేశంలో తిరువనంతపురం దుంపపంటల పరిశోధనా సంస్థ 'భూ సోనా' అనే నారింజ రకాన్ని తయారు చేసింది. దొరికితే అడిగి కొనండి.

ఇంటికి తెచ్చాక ఫ్రిజ్‌లో పెట్టవద్దు, లోపల గట్టిపడుతుంది. ప్లాస్టిక్ సంచిలోంచి తీసి గాలి తగిలే నీడలో ఉంచండి. వండే ముందే కడగండి.

షుగరు ఉన్నవారు తినవచ్చా అని చాలామంది అడుగుతారు. కాల్చినదానికంటే ఉడికించినది నయం. అదీ చిన్న ముక్క, అన్నం తగ్గించుకొని తినాలి. కిడ్నీ జబ్బున్నవారు ముందు డాక్టరుగారిని అడగాలి.

ఒక్కొక్క దుంప ఏరుతుంటే అమ్మేవారు విసుక్కోవచ్చు. ఫరవాలేదు, నవ్వి ఏరుకోండి. తినేది మన పిల్లలే కదా!